గోళ్లలో సబ్బు

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో ఆడవాళ్ల మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఉండదు. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు ఈ సంగతికి నవ్వుతారు, ఆ తర్వాత అలవాటు పడిపోతారు. కుళాయి ఉంది. కుళాయి పైన చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే బొమ్మలున్నాయి. బొమ్మల్లో చేతుల నిండా నురగ కూడా ఉంది. అడిగితే, పెట్టిన సబ్బు సాయంత్రానికి కనపడటం లేదని సూపర్‌వైజరు చెప్పేవాడు. ఎప్పుడు పెట్టాడో, ఎవరు మాయం చేశారో చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

పొడుగమ్మ పని చేసేది అంచుల గదిలో. అచ్చు మిషను నుంచి పడే ప్రతి సబ్బుబిళ్ల చుట్టూ పల్చటి రేకు ఒకటి అంటుకుని వస్తుంది. బొటనవేలి గోటిని దాని కింద దూర్చి, బిళ్లను ఎడమచేత్తో తిప్పుతూ, ఆ రేకుని తెగకుండా ఒక్క లాగున ఊడదీయాలి. రేకు తొట్టిలో పడాలి, బిళ్ల తడిగుడ్డ మీద పడాలి. తొడుగులు వేసుకుంటే బిళ్ల జారిపోతుంది, అందుకని ఎవరూ వేసుకోరు. బల్ల మామూలు మనుషులకు సరిపోయేలా కొట్టించినది కాబట్టి పొడుగమ్మ రోజంతా దణ్ణం పెడుతున్నట్టు వంగి ఉండేది. ఆ పేరు పెట్టింది కూడా పక్క పీట మీద కూర్చునే పెద్దక్కే.

పెద్దక్క అంచుల గదికి గోడల్లాగే పాతది. కాలితో తొక్కే అచ్చు ఉన్న రోజుల్లో చేరింది. ఆమె గోరు కింద రేకు తెగడం ఎవరూ చూడలేదు. ఆ గోళ్లు పొడుగ్గా, కొద్దిగా వంపు తిరిగి, పాత దంతంలా పచ్చబడి ఉండేవి. వాటిని ఆమె ఇంట్లో మిగతా ఏ వస్తువునూ చూసుకోనంత జాగ్రత్తగా చూసుకునేది.

సాయంత్రం సైరనుకు ముందు గదిలో అందరూ కాసేపు మాటలు మానేస్తారు. దాన్ని వాళ్లు ఇంటిచెయ్యి పెట్టుకోవడం అంటారు. తొట్టిలోని మెత్తటి రేకుల్లోకి పది వేళ్లూ దించి, గోళ్ల కిందకు సబ్బు ఎక్కేదాకా నొక్కాలి. తర్వాత అరచేతుల్లో ఇంత మెదిపి, వేళ్ల సందుల్లోకీ మణికట్టు దాకా రాసి, తడిగుడ్డతో ఒకసారి అద్ది నున్నగా చేయాలి. గేటు దాకా నడిచేసరికి అది ఆరి, చర్మంతో కలిసిపోతుంది. గేటు దగ్గర సోదా చేసే ఆమెను గేటమ్మ అంటారు. గేటమ్మ సంచి చూస్తుంది, అన్నం గిన్నె మూత తీసి చూస్తుంది, నడుం తడుముతుంది, జుట్టు ముడి నొక్కుతుంది. చేతులు చూడదు. చేతులు ఎవరివి వాళ్లవే కదా.

అక్కణ్ణించి ఇల్లు చేరేదాకా వాళ్లు దేన్నీ పట్టుకోరు. సంచి మోచేతికి తగిలించుకుంటారు. బస్సులో కమ్మీ పట్టుకోకుండా ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని నిలబడతారు. ముక్కు దురద పెడితే భుజానికి రుద్దుకుంటారు. వేళ్లు విడదీసుకుని, చేతులు ముందుకు పెట్టుకుని, వరసగా నడిచిపోయే ఆ ఆడవాళ్లను చూసి వీధిలో జనం వీళ్లకేంటో అంత మిడిసిపాటు అనుకునేవారు.

"వచ్చిందమ్మా నా సబ్బుల దుకాణం," అంది అత్త, మంచం మీంచే.

"కాలు ఇటు పెట్టు."

"ఎటు పెట్టమంటావు? ఉన్నవే రెండు. ఒకటి నీకిచ్చేశా. రెండోది నన్నుంచుకోనీ."

పొడుగమ్మ తలుపును మోచేత్తో తోసి, బిందెను మోకాలితో వంచి బేసినులో నీళ్లు పోసింది. చేతులు నీళ్లలో ముంచి ఒకదాన్నొకటి రుద్దుకోగానే నీళ్లు పాలలా మారాయి. ఆసుపత్రి వాసన లాంటి ఘాటు వాసన గది అంతా లేచింది. ముందు తన చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. తర్వాత ఒక్కొక్క గోరునూ గుడ్డముక్క మీద గీసి, వచ్చిన సబ్బుతో అత్త పాదం మెల్లగా రుద్దింది. బొటనవేలి పక్కన షుగరు పుండు. దాని చుట్టూ రుద్దుతుంది గాని దానిమీద చెయ్యి పెట్టదు. మీద మంచినీళ్లు పోసి, ఉతికిన గుడ్డతో అద్ది, మందు పెట్టి కట్టు కడుతుంది.

ఆ పుండు మొదట్లో ఇంట్లో అందరి చేతులూ చూసింది. అంట్లు తోమిన చేత్తో పొడుగమ్మ, లారీ దిగిన చేత్తో మొగుడు, ముక్కు చీదిన చేత్తో అత్తే స్వయంగా. చీము పట్టి గదిలో ఉండలేనంత కంపు కొట్టాక దవాఖానాకు తీసుకెళ్తే అక్కడి నర్సు కాలు కాదు, ముందు వీళ్ల చేతులు చూసింది. వేలు నల్లబడితే తీసేయాల్సి వస్తుందని మొహం మీదే చెప్పింది. పుండు జోలికి వెళ్లే ప్రతివాళ్లూ ముందు క్రిములు చంపే సబ్బుతో చేతులు కడగాలనీ, రెండు పూటలా పాదం కడగాలనీ చెప్పి, ఏ సబ్బో పేరు కూడా చెప్పింది. పొడుగమ్మకు అక్కడే నవ్వు ఆగలేదు. పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఆ పేరు అచ్చయిన బిళ్లలే ఆమె చేతుల్లో తిరుగుతాయి.

ఒక సబ్బు కొనలేదా అంటే కొంది. మనుషులందరి చేతులకూ, రెండు పూటలా కాలికీ అది వారం తిరగకుండానే అరిగిపోయింది. మళ్లీ కొనబోతే అత్త గోల పెట్టింది. నా వేలి ఖరీదు అంత ఉండదే, పోతే పోనీ అంది. అప్పుడు పెద్దక్క విని, సైరనుకు ముందు పొడుగమ్మ చేతులు రెండూ పట్టుకుని తొట్టిలో ముంచింది. వేళ్లు ఒక్కొక్కటీ తనే అదిమింది. "గోళ్లు పెంచుకోవే. గోరున్నవాళ్లకే ఇది," అంది.

ఇప్పుడు పుండు అంచులు ఎర్రగా చిగురు వేస్తున్నాయి. కంపు పోయింది. వచ్చే శనివారం చూపిస్తే వేలు ఉంచేదీ తీసేదీ తేల్చి చెప్తామన్నారు.

"శనివారం దాకా బాగా రుద్దు," అంది అత్త. "తర్వాత నీ ఇష్టం. వేలు నిలిచాక నిన్ను ఎవరు లెక్కచేస్తారు."

మర్నాడు గదిలో తొడుగులు పంచారు. పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చినప్పుడే అవి బీరువాలోంచి బయటికి వస్తాయి. వచ్చింది ఒక పిల్ల మేడమ్, ఆమె వెనక కెమెరా మోసే మనిషి. మేనేజరు, సూపర్‌వైజరు పెళ్లివారిలా వెంట తిరుగుతున్నారు. ఈ సబ్బు వాడటం వల్ల ఏమేం లాభాలో సినిమా తీస్తారట. దాన్ని చేసే చేతులే దాని గురించి చెబితే జనం నమ్ముతారని మేడమ్ ఆలోచన.

సూపర్‌వైజరు ముందే అందరిచేతా వల్లె వేయించాడు. మొదట పిలిచిన ఆమె, క్రిముల నుంచి కుటుంబానికి రక్షణ అని మొదలుపెట్టి, కుటుంబం దగ్గర మర్చిపోయింది. రెండో ఆమె కెమెరా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. మేడమ్ విసుక్కోలేదు. మంచి పిల్ల. బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ తొడుగులు తీసేయండి. మీ చేతులు కనపడాలి నాకు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ సబ్బు వల్ల మేలు జరిగిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అంది.

అందరూ పొడుగమ్మను ముందుకు తోశారు. నీకు నోరుంది, నువ్వు చెప్పు అన్నారు.

నిజంగానే ఆమెకు నోరుంది. అత్త కాలి కథ చెప్పింది. చీము, కంపు, నర్సు కసురుకోవడం, వేలు తీసేస్తామంటే అత్త రాత్రంతా ఆ వేలిని పట్టుకుని కూర్చోవడం, అన్నీ చెప్పింది. ముందు చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే పుండు అని నర్సులా వేలు చూపించి చెప్పింది. మేడమ్ కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతవరకూ తన మాటలు విని ఒక చదువుకున్న మనిషి కళ్లు తుడుచుకోవడం పొడుగమ్మ ఎరగదు. ఆమెకు ఇంకా చెప్పాలనిపించింది.

"అయితే మీ ఇంట్లో అందరూ ఇదే సబ్బు కొంటారా?" అంది మేడమ్.

"కొనడం ఎందుకు మేడమ్? మా చేతుల్లోనే ఉంటే?" రెండు చేతులూ కెమెరా ముందు చాపింది. "ఇదిగో, గోళ్లలో పెట్టుకుని ఇంటికి పోతాం. నీళ్లలో ముంచితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఇంటిచెయ్యి అంటాం మేం."

వెనక పెద్దక్క గట్టిగా దగ్గింది. సబ్బు పొడి గొంతులోకి పోయిందేమో అనుకుంది పొడుగమ్మ.

"ఎంత బాగుంది," అంది మేడమ్. "ఎవరికి వచ్చింది ఈ ఆలోచన?"

"మా పెద్దక్కకు. అందరికీ ఆవిడే నేర్పింది. ఆవిడ చేతులు చూడండి మేడమ్, ఎంత బాగుంటాయో."

కెమెరా పెద్దక్క వైపు తిరిగింది. ఆమె చేతులు ముడుచుకోబోయింది గాని మేడమ్ దగ్గరికి వెళ్లి, వాటిని తన చేతుల్లోకి తీసుకుని, మెల్లగా విప్పింది. వంపు తిరిగిన గోళ్ల కింద తెల్లటి గీతలు. గీతలు గీతలుగా ఉన్న అరచేతుల్లో సబ్బు నిండి, వెలుతురులో మెరిసింది. కెమెరా మనిషి చాలాసేపు ఆ చేతుల మీదే ఉండిపోయాడు. మేనేజరు మేడమ్ వెనకాల నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు అలాగే ఉంది గాని, చూపు మాత్రం ఒక్కొక్కరి గోళ్ల మీదుగా బల్ల చివరిదాకా పోయి వచ్చింది. పొడుగమ్మ అది చూసింది. చూసి కూడా ఏమీ అనుకోలేదు. దొంగతనం చేశామని అనుకుంటే కదా భయం వేయడానికి.

గేటు పక్కన కుళాయి వేయడానికి ఎంతసేపు పడుతుంది? పైపు ఎప్పట్నుంచో ఉంది. మరుగుదొడ్లో కారే కుళాయికి వాసరు మార్చమని ఏడాదిగా అడుగుతుంటే దొరకని మేస్త్రీ మర్నాడు మధ్యాహ్నానికి దొరికాడు. కుళాయి కింద సిమెంటు తొట్టె, పక్కన ఎత్తుపీట, పీట మీద గేటమ్మ. ఆమె చేతిలో గోళ్లు కత్తిరించే కత్తెర.

"ఒక్కొక్కరే రండి. చేతులు కడుక్కుని, గోళ్లు తీయించుకుని పొండి. ఆఫీసు మాట. నన్నేం అనొద్దు," అంది గేటమ్మ.

"సబ్బేదీ?" అంది వరసలో ఎవరో.

"నీళ్లు చాలులే. సబ్బు మీ చేతికే ఉందిగా."

ఆ మాటకు గేటమ్మ తనే నవ్వింది. వరసలో ఎవరూ నవ్వలేదు. మొదటి ఆమె చేతులు పెట్టింది. నీళ్లు తెల్లగా మారి తొట్టెలోంచి కాలవలోకి పోయాయి. ఇంట్లో ఆమె తమ్ముడికి ఒంటి నిండా సెగగడ్డలు. ఆ నీళ్లు కాలవలో మలుపు తిరిగేదాకా చూసి, వేళ్లు కత్తెరకు ఇచ్చింది. గోళ్లు తీయించుకుని, పొడుగమ్మ వైపు చూసింది. ఆ వరసలో ఉన్నవాళ్లంతా చేతులు కడుక్కుని వెళ్తూ అలాగే చూశారు. తిట్టినా బాగుండేది.

పొడుగమ్మ గోళ్లు తెగి పడుతుంటే ఆమెకు నొప్పి లేదు, వేలికొసల్లో గాలి తగిలినట్టు ఏదో కొత్తగా మాత్రం ఉంది. చివరికి పెద్దక్క వచ్చింది. కుళాయి పక్కగా నడిచి గేటు వైపు వెళ్లింది.

"అక్కా, కడుక్కో," అంది గేటమ్మ.

"ఇంటికెళ్లి కడుక్కుంటా."

"గోళ్లన్నా తీయించుకో. నా ఉద్యోగం పోతుందక్కా."

"నీ ఉద్యోగం కత్తెరలో ఉంది. నా ఉద్యోగం గోళ్లలో ఉంది. రేపు రేకు దేంతో లాగమంటావు, పళ్లతోనా?" అని పెద్దక్క నడిచి వెళ్లిపోయింది. చేతులు ఎప్పట్లాగే ముందుకు పెట్టుకుని, వేళ్లు విడదీసుకుని.

మర్నాడు పొద్దున్నే ఆమెను ఆఫీసుకు పిలిచారు. ఇంకెవరినీ పిలవలేదు. బయటికి వచ్చేసరికి చేతిలో అన్నం గిన్నె తప్ప మరేం లేదు. సరుకు ఎత్తుకుపోవడమే కాకుండా మిగతావాళ్లకు నేర్పించిందట. సాక్ష్యం సినిమాలో ఉందట. పొడుగమ్మ పీట మీంచి లేచి తలుపు దాకా పరిగెత్తింది.

"అక్కా, నేనలా..."

"పనికెళ్లు," అంది పెద్దక్క. "రేకులు పేరుకుపోతున్నాయి అక్కడ."

అంతే. పొడుగమ్మ తలుపు దగ్గర్నించి కదిలింది. వెనక్కి వచ్చి కూర్చుంది. గోళ్ల బదులు అందరికీ ప్లాస్టిక్ బద్దలు ఇచ్చారు. బద్ద రేకుతో పాటు సబ్బునీ గీస్తోంది. గీత పడిన బిళ్లలు పక్కన గుట్ట పడుతుంటే సూపర్‌వైజరు కేకలు వేశాడు. ఎవరూ తలెత్తలేదు. పక్క పీట ఖాళీగా ఉంది. భోజనాల వేళ పొడుగమ్మ కూర్చున్న చోటు చుట్టూ కూడా అలాగే ఖాళీ.

ముందురోజు ఇంట్లో గుడ్డముక్కకు అంటుకుని మిగిలిన సబ్బుతో ఎలాగో గడిచింది. ఆ సాయంత్రం ఆమె ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లింది. బస్సులో కమ్మీ పట్టుకుంది. పట్టుకున్నందుకు ఏడుపొచ్చింది.

అత్త కాలు చాపి కూర్చుని ఉంది. నీళ్లు పాలు కాకపోవడం చూసింది. కోడలు మామూలు బట్టల సబ్బుతో చేతులు రుద్దుకోవడం కూడా చూసింది.

"దుకాణం మూసేశారా?" అంది.

పొడుగమ్మ జరిగింది చెప్పింది. అత్త చాపిన కాలి వైపు చూసుకుంది.

"ఒకటి అడుగుతా చెప్పు. ఆ పిల్ల ఎవరు నేర్పారని అడిగితే, నేనే అని ఉంటే పోయేదేముంది?"

"నేను మంచి పేరు ఆవిడకు ఇద్దామనుకున్నా అత్తయ్యా."

"ఇచ్చావులే," అంది అత్త, కాలు వెనక్కి తీసుకుంటూ. "ఇవాళ దీన్ని ముట్టుకోకు. కడగని చేత్తో ముట్టుకుంటే చీము పడుతుందని నువ్వే అంటావుగా."

శుక్రవారం సినిమా తయారై వచ్చింది. క్యాంటీను గోడ మీద దుప్పటి కట్టి అందరికీ చూపించారు. పొడుగమ్మ మొహం గోడంత పెద్దదిగా కనపడి, అత్త కాలి కథ చెప్పింది. "ముందు చేతులు, ఆ తర్వాతే పుండు" అంది. గోళ్ల మాట లేదు, ఇంటిచెయ్యి మాట లేదు. ఆ మాట ఉండాల్సిన చోట మెత్తటి సంగీతం వచ్చింది, సంగీతం కింద పెద్దక్క చేతులు వచ్చాయి. మొహం లేదు. చేతులు మాత్రమే. మేడమ్ విప్పినట్టుగా మెల్లగా విచ్చుకుని, గోళ్ల కింద తెల్లగా, అరచేతుల నిండా మెరుస్తూ. వాటి కింద పెద్ద అక్షరాలు పడ్డాయి. మీ ఇంటిని కాపాడే చేతులు.  క్యాంటీనులో ఎవరి చేతిలోదో గరిటె కింద పడ్డ చప్పుడు వినపడింది.

మేనేజరు చప్పట్లు కొట్టి, పొడుగమ్మను ముందుకు పిలిచి, ఒక పెట్టె సబ్బులు బహుమతిగా ఇచ్చాడు. గేటు దగ్గర ఆపకుండా సంతకం పెట్టిన చీటీ కూడా ఇచ్చాడు. తర్వాత కాస్త పక్కకు తీసుకెళ్లి, పెద్దామె స్థానంలో గది బాధ్యత ఆమెకే ఇస్తున్నామన్నాడు. జీతం పెరుగుతుంది. పని ఎక్కువేం కాదు. సాయంత్రం గేటు కుళాయి దగ్గర నిలబడి అందరూ సరిగ్గా కడుక్కుంటున్నారో లేదో చూస్తే చాలు. "నీ మాటైతే వింటారు," అన్నాడు.

ఆమె కాదనాలి. కాదనాలని ఆమెకూ తెలుసు. చేతిలో పెట్టె బరువుగా ఉంది. రేపు శనివారం. నిన్నట్నుంచీ కడగని కాలు ఇంటి దగ్గర ఉంది. పొడుగమ్మ తల వంచుకుంది. అంత పొడుగు మనిషి తల వంచుకుంటే ఊపినట్టే కనపడుతుంది. మేనేజరు సరే అన్నాడు.

ఆ రాత్రీ పొద్దునా కొత్త సబ్బు విప్పి మోచేతుల దాకా కడుక్కుని, పాదం కడిగింది. అత్త సబ్బు కాగితం వాసన చూసి, మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది. శనివారం దవాఖానాలో నర్సు కట్టు విప్పి, వేలిని అటూ ఇటూ నొక్కి చూసి, పొడుగమ్మ చేతులు కూడా తిప్పి చూసింది. గోళ్లు తీయించుకున్నందుకు మెచ్చుకుంది. వేలు తీయక్కర్లేదంది. ఇంత శుభ్రంగా చూసుకునే కోడలు దొరకడం నీ అదృష్టమని అత్తతో అంది. అత్త ఆ మాటకు ఏదో ఒకటి అనాలి, అనడం ఆమెకు ఊపిరి తీయడం లాంటిది. కానీ చెప్పులోకి పాదం దూర్చుకుంటూ, "అవునమ్మా," అని ఊరుకుంది.

సోమవారం మేడమ్ మళ్లీ వచ్చింది. ఆ చేతుల ఫొటో కావాలట. రోడ్ల మీద పెద్ద బోర్డులకు వేస్తారట. సినిమాలోంచి తీస్తే మసకగా వస్తోందట. గదిలో అందరి చేతులూ చూసింది. కత్తిరించిన గోళ్లు, బద్దలు గీసిన గాట్లు. "ఇవి కాదు," అంది. "ఆ పెద్దావిడ చేతులు. ఆవిడ ఇవాళ రాలేదా?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆమెకు ఒంట్లో బాగోలేదన్నాడు. పొడుగమ్మ వెంటనే, "నేను తీసుకొస్తా సార్," అంది. అని, ఎప్పుడూ లేని ధైర్యంతో, "ఆవిడ పని సంగతి..." అంది. మేనేజరు మేడమ్ వైపు చూసి, "చూద్దాం, ముందు రమ్మను," అన్నాడు. ఆ మాట పట్టుకుని పొడుగమ్మ దాదాపు పరిగెత్తింది.

పెద్దక్క తమ్ముడి ఇంటి వెనక గదిలో ఉంటుంది. పొడుగమ్మ వెళ్లేసరికి పెరట్లో కూర్చుని అంట్లు తోముతోంది. జీతం తెచ్చే రోజుల్లో ఆ ఇంట్లో ఆమె గిన్నె కూడా మరదలే తోమేది. ఇప్పుడు ఆ మరదలు గుమ్మంలో నిలబడి, మూకుడు అడుగున మాడు పోలేదని చెబుతోంది.

"పని మళ్లీ ఇస్తారక్కా. రమ్మన్నారు," అంది పొడుగమ్మ, ఆయాసపడుతూ.

"ఇస్తామన్నారా?"

"చూద్దామన్నారు."

పెద్దక్క మూకుడు తిరగేసింది. "చూస్తారులే," అంది. అయినా లేచింది. ఆ లేవడంలో తొందర దాచుకోలేకపోయింది. గోళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. తోమేటప్పుడు విరగకుండా వేళ్లు వెనక్కి మడిచి, పిడికిలితో రుద్దుతోంది కాబోలు, కణుపులు దోక్కుపోయి ఉన్నాయి. మొహం కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. దారిలో పొడుగమ్మ క్షమించమని అడగబోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కాలు సంగతి చెప్పబోయి, అది కూడా నోట రాక ఊరుకుంది. పెద్దక్క మాత్రం బద్దలతో ఎలా లాగుతున్నారు, గీతలు పడటం లేదా అని గది సంగతులే అడిగింది.

అంచుల గదిలో ఆమె పీట మీద ఆమెనే కూర్చోబెట్టారు. తొట్టి దగ్గరికి జరిపారు. మేడమ్ అడగకముందే పెద్దక్క పది వేళ్లూ రేకుల్లోకి దించింది. గదిలో అందరూ బద్దలు పక్కన పెట్టి చూస్తున్నారు. గోళ్లు నిండాయి, అరచేతులు నిండాయి, తడిగుడ్డతో ఒకసారి అద్దింది. లైట్లు పెట్టి చాలా ఫొటోలు తీశారు. కణుపుల మీద గాయాలు కనపడకుండా చేతులు వెల్లకిలా పెట్టమన్నారు. పెట్టింది. మేడమ్ ఆమెను దగ్గరికి తీసుకుని, త్వరగా ఆరోగ్యం చూసుకోమని చెప్పి కారెక్కింది.

కారు గేటు దాటాక పెద్దక్క మేనేజరు వైపు చూసింది. అడగలేదు. చూసిందంతే.

"కబురు చేస్తాం," అన్నాడు మేనేజరు, ఫోను చూసుకుంటూ. "వెళ్లేటప్పుడు చేతులు కడుక్కుని వెళ్లు."

గేటు దాకా ఆడవాళ్లెవరూ వెంట రాలేదు. పొడుగమ్మ వచ్చింది, అది ఆమె పని కాబట్టి. గేటమ్మ కత్తెర ఒళ్లో పెట్టుకుని వేరే ఎటో చూస్తూ కూర్చుంది. పెద్దక్క వేళ్లు విడదీసుకుని, చేతులు ముందుకు పెట్టుకుని నడిచి, గేటు ముందు ఆగింది. గేటు తీసే ఉంది. మొన్నటిలాగా ఆమె నడిచి వెళ్లిపోతుందని పొడుగమ్మ అనుకుంది. వెళ్లిపోవాలని కోరుకుంది. వెళ్లిపోతే తను ఏమీ చేయక్కర్లేదు. మేనేజరు వరండాలోంచి చూస్తున్నాడు.

పెద్దక్క వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి వచ్చింది. కబురు చేస్తామన్నాడు కదా.

"తిప్పవే," అంది.

పొడుగమ్మ చెయ్యి కుళాయి మీద ఉండిపోయింది.

"మీ అత్త వేలు ఎలా ఉంది?"

"దక్కిందక్కా."

"ఆ సబ్బు మంచిదేనే," అంది పెద్దక్క. "ఊరికే అనకూడదు. తిప్పు, ఎంతసేపు నిలబడను."

పొడుగమ్మ కుళాయి తిప్పింది. నీళ్లు తెల్లగా మారి కాలవలోకి పోయాయి. పెద్దక్క అరచేతులు రుద్దుకుంది, వేళ్ల సందులు రుద్దుకుంది, మరుగుదొడ్డి గోడ మీది బొమ్మల్లో ఎలా ఉందో అచ్చం అలాగే. నీళ్లు తేట పడ్డాక చేతులు ఎత్తి తనే పరీక్షగా చూసుకుని, కుడి బొటనవేలు పొడుగమ్మ ముందుకు చాపింది.

"ఇదిగో, ఈ మూల ఇంకా ఉంది. గీకు. లేకపోతే నిన్నంటారు."

పొడుగమ్మ ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. గోరు మూలన సన్నటి తెల్లటి గీత. తీద్దామని ప్రయత్నించింది, వేళ్లు మార్చి మళ్లీ ప్రయత్నించింది. అది రాలేదు. గీకడానికి ఆమె వేళ్లకు గోళ్లు లేవు.